లాప్‌టాప్ మీది... లాగిన్ ఎవరిది?

కాలేజీలు మొదలయ్యే సీజన్ వచ్చిందంటే నాకు మెసేజ్‌లు పెరుగుతాయి. చాలామందిది ఒకటే మాట. "అన్నా, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నా. ఆన్ చేస్తే ఎవరిదో పేరు, ఎవరిదో ఫొటో వస్తోంది. అది తీసేసి నా పేరు పెట్టుకోవడం ఎలా?"

ప్రశ్న చిన్నదే. యూట్యూబ్‌లో వెతికితే "రెండు నిమిషాల్లో పాస్‌వర్డ్ బైపాస్" అంటూ బోలెడు వీడియోలు వస్తాయి. వాటిలో చాలావరకు చేసేది తలుపు గడియ ఊడగొట్టి మిమ్మల్ని లోపలికి పంపడమే. లోపల పాత అద్దెవాళ్ల సామాను అలాగే ఉంటుంది. వాళ్ల పేరు మీద ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఇంకో తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంటుంది.

అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. తాళం మార్చడం వేరు, ఇల్లు ఖాళీ చేయించడం వేరు. ఈ వారం కబురు ఆ రెండో పని గురించే.

చీటీ మీద నాలుగంకెలు

మా వీధిలో ఒక అమ్మాయి బీటెక్ మూడో ఏడు చదువుతోంది. వాళ్ల నాన్న చీటీ పాడి, 19,000 పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనిచ్చాడు. బాగానే ఉంది, బ్యాటరీ కూడా మూడు గంటలు వస్తోంది. ఆన్ చేస్తే మాత్రం ఎవరో ఆవిడ పేరు వచ్చేది. షాపతను ఒక చిన్న కాగితం ముక్క మీద నాలుగంకెల పిన్ రాసిచ్చి, "ఇదే వాడుకోమ్మా, ఏం కాదు" అన్నాడట. నెల రోజులు ఏమీ కాలేదు కూడా.

ఒక శనివారం పొద్దున ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. "అన్నా, డెస్క్‌టాప్ మొత్తం ఖాళీ అయిపోయింది. మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ లేదు, కోడ్ లేదు. వైరస్ ఏమో."

వెళ్లి చూశాను. వైరస్ కాదు. స్క్రీన్ కింద కుడివైపు మూలన మబ్బు గుర్తు ఉంది చూశారూ, అది. వన్‌డ్రైవ్. అది ఆ పాత ఓనరమ్మ అకౌంట్‌తోనే నడుస్తోంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను బ్యాకప్ చేసేలా ఆవిడ ఎప్పుడో పెట్టుకుంది. అంటే ఈ అమ్మాయి ఈ నెల రోజులుగా డెస్క్‌టాప్ మీద దాచిన ప్రతి ఫైలూ ఆవిడ ఆన్‌లైన్ ఖాతాలోకి వెళ్తోంది. ఆధార్ స్కాన్, మార్కుల మెమో, హాస్టల్ ఫీజు రసీదు, అన్నీ.

వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. అది నిండిపోయిందని ఆవిడకి మెయిల్ వచ్చింది. ఏంటా అని ఫోన్‌లో తెరిచి చూస్తే తెలియని అమ్మాయి ఆధార్, తెలియని కాలేజీ కాగితాలు. భయపడి అన్నీ డిలీట్ కొట్టేసింది. వన్‌డ్రైవ్‌లో రెండు వైపులా ఒకటే లెక్క. అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది.

షాపతన్ని అడిగితే నంబర్ ఇవ్వనన్నాడు. అది సరైన పనే. కానీ తనే ఆవిడకి ఫోన్ చేసి, మమ్మల్ని లైన్‌లో కలిపాడు. ఆవిడ పాత లాప్‌టాప్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకుందట. "ఫార్మాట్ చేసేస్తాం మేడం అన్నారు కదండీ, అందుకే నేనేం చేయలేదు" అంది. తన అకౌంట్‌ని ఎవరో హ్యాక్ చేశారని వారం రోజులుగా నిద్ర లేదట ఆవిడకి.

మంచి మనిషి. వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో డిలీట్ చేసినవి 30 రోజులు ఉంటాయి కాబట్టి, అక్కడికక్కడే అన్నీ వెనక్కి తెప్పించింది. లాప్‌టాప్‌లోకి ఫైళ్లు ఒక్కొక్కటే తిరిగొస్తుంటే ఈ పిల్ల మొహం చూడాలి.

ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ ఒక్కటే అడిగింది. "నా పిల్లల ఫొటోలు కూడా అందులో ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి ఆంటీ. నేను ఓపెన్ చేయలేదు" అంది ఈ అమ్మాయి.

పాత లాగిన్ అంటే ఇదన్నమాట. స్క్రీన్ మీద కనిపించే పేరొక్కటే కాదు. ఇటు నుంచి ఒకరి జీవితం, అటు నుంచి ఇంకొకరి జీవితం ఒకరికొకరు కనిపించే కిటికీ. క్రోమ్ సంగతీ అంతే. పాత ఓనర్ ప్రొఫైల్‌లో సింక్ ఆన్‌లో ఉండగా మీరు పాస్‌వర్డ్ సేవ్ చేస్తే, అది సేవ్ అయ్యేది వాళ్ల గూగుల్ అకౌంట్‌లో.

తాళాలు నాలుగు, చెవులు నలుగురి దగ్గర

"లాగిన్ తీసెయ్యి" అంటే ఏ లాగిన్? ఒక కంప్యూటర్‌కి నాలుగు రకాల తాళాలు ఉండొచ్చు. ఏది మీ చేతిలో పని, ఏది కాదు అన్నది తెలిస్తే సగం గొడవ తీరినట్టే.

మొదటిది విండోస్ అకౌంట్. మీకు రోజూ కనిపించే పేరు, ఫొటో, పిన్. ఇది హార్డ్ డిస్క్ మీదో ఎస్‌ఎస్‌డీ మీదో ఉంటుంది. డిస్క్ తుడిచేస్తే ఇదీ పోతుంది. పాత పాస్‌వర్డ్ తెలియాల్సిన పని లేదు. మీరు చేసుకోగలిగిన పని ఇది.

రెండోది డిస్క్ ఎన్‌క్రిప్షన్. విండోస్‌లో దీన్ని బిట్‌లాకర్ అంటారు, కొన్నిచోట్ల డివైస్ ఎన్‌క్రిప్షన్ అని కనిపిస్తుంది. దీని రికవరీ కీ 48 అంకెలు. మామూలుగా పాత ఓనర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనో, ఆఫీసు లాప్‌టాప్ అయితే ఆ ఆఫీసు దగ్గరో ఉంటుంది. ఆ కీ లేకుండా పాత ఫైళ్లు చదవలేం. అసలు చదవాల్సిన పని మనకి లేదు కూడా. డిస్క్ మొత్తం చెరిపి కొత్తగా విండోస్ ఎక్కించుకుంటే ఈ తాళంతో పేచీ ఉండదు.

మూడోది బయోస్ పాస్‌వర్డ్. ఇది డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డు మీద చిప్‌లో ఉంటుంది. వంద సార్లు ఫార్మాట్ చేసినా పోదు. "లోపల చిన్న బ్యాటరీ తీసి పెడితే పోతుంది" అనే చిట్కా పాత డెస్క్‌టాప్‌ల కాలం నాటిది. ఆఫీసుల కోసం తయారయ్యే లాప్‌టాప్‌లలో అది పని చేయదు. కొన్ని మోడళ్లకి మదర్‌బోర్డు మార్చడమే దారి. అప్పుడు బేరం గిట్టుబాటు కాదు.

నాలుగోది అన్నిటికంటే మాయదారిది. ఇది మీ లాప్‌టాప్‌లోనే ఉండదు, ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. కంపెనీలు లాప్‌టాప్‌లు కొన్నప్పుడు వాటి వివరాలను మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ లాంటి వ్యవస్థలో తమ పేరు మీద నమోదు చేసుకుంటాయి. మీరు విండోస్ కొత్తగా ఎక్కించి, వైఫై కలపగానే ఆ కంపెనీ పేరుతో స్వాగతం పలికి, ఆఫీసు మెయిల్ ఐడీ అడుగుతుంది. ఆ నమోదు తీయించాల్సింది ఆ కంపెనీ ఐటీ వాళ్లే.

మాక్‌బుక్‌ల్లో దీని పేరు యాక్టివేషన్ లాక్. టీ2 చిప్ ఉన్నవాటిలోనూ, 2020 చివర్లో మొదలైన ఎం1, ఆ తర్వాతి చిప్‌లు ఉన్నవాటిలోనూ "ఫైండ్ మై" ఆన్‌లో ఉంటే ఇది ఉంటుంది. చెరిపేసినా పాత ఓనర్ ఆపిల్ అకౌంట్ అడుగుతుంది. ఫోన్లు వాడే మీకు ఇది కొత్తేం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని రికవరీ నుంచి రీసెట్ చేస్తే పాత గూగుల్ అకౌంట్ అడుగుతుందే, దానికి ఇది అన్నలాంటిది. కాలేజీలు, స్కూళ్లు ఇచ్చే క్రోమ్‌బుక్‌లలోనూ ఇలాంటి కట్టడి ఉంటుంది.

సారాంశం ఏంటంటే, మొదటి రెండు తాళాలు మీరు తీసుకోగలరు. చివరి రెండు తీయాల్సింది పెట్టినవాళ్లే. వాటిని "ఎలాగోలా" తీస్తామని డబ్బులడిగేవాళ్లు కొందరుంటారు. సర్వర్‌లో ఉన్న నమోదుని తుడిచే శక్తి వాళ్లకి లేదు. ఇంటర్నెట్ లేకుండా సెటప్ పూర్తి చేసి ఇవ్వడం లాంటి ఉపాయంతో దాటవేస్తారంతే. ఆరు నెలల తర్వాత మీరు విండోస్ మళ్లీ ఎక్కిస్తే కంపెనీ పేరు మళ్లీ ప్రత్యక్షం.

ఇప్పటికే ఇంట్లో ఉందా?

పాత పేరుతోనే వాడుతున్నవాళ్లు ఈ వరసలో చేయండి.

ముందు అమ్మినవాళ్లకి ఫోన్ చేయండి. పాత ఓనర్ తన అకౌంట్ నుంచి ఈ లాప్‌టాప్‌ని తీసేయాలని చెప్పించండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైసెస్ అని ఉంటుంది. తన ఫోన్‌లోంచే రెండు నిమిషాల్లో అయ్యే పని. మాక్ అయితే ఐక్లౌడ్‌లో ఫైండ్ మై తెరిచి, ఆ మాక్‌ని అకౌంట్ నుంచి రిమూవ్ చేయాలి. అదీ దూరం నుంచే అవుతుంది.

తర్వాత నెట్ ఆపి, మీ ఫైళ్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ అయినవి ఒకసారి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. మబ్బు గుర్తుతో కనిపించే ఫైళ్లు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి. అలాంటివి ఉంటే నెట్ ఉండగానే తెరిచి దించుకోవాలి.

ఇప్పుడు రీసెట్. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ. అక్కడ రెండు దారులు కనిపిస్తాయి. "కీప్ మై ఫైల్స్" నొక్కితే పాత అకౌంటూ పాత ఫైళ్లూ అలాగే ఉండిపోతాయి. మనకి కావాల్సింది "రిమూవ్ ఎవ్రీథింగ్". తర్వాతి స్క్రీన్‌లో చేంజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్లీన్ డేటా ఆన్ చేస్తే టైమ్ ఎక్కువ పడుతుంది కానీ, పాత ఫైళ్లు మళ్లీ బయటికి లాగడం కష్టమవుతుంది. క్లౌడ్ డౌన్‌లోడ్ అనే దారి ఎంచుకుంటే 4 జీబీకి పైగా డేటా అవుతుంది. మొబైల్ డేటా మీద ఉన్నవాళ్లు లోకల్ రీఇన్‌స్టాల్ ఎంచుకోండి. ఛార్జర్ మాత్రం పెట్టే ఉంచండి.

పిన్ కూడా తెలియదా? లాగిన్ స్క్రీన్‌లో కింద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. నీలం స్క్రీన్ వస్తుంది. ట్రబుల్‌షూట్, ఆ తర్వాత రీసెట్ దిస్ పీసీ. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఇక్కడ 48 అంకెల కీ అడగొచ్చు.

కీ లేకపోతే ఇంకో దారి ఉంది. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ పెట్టుకోండి. దాంతో బూట్ చేసి, డిస్క్ మీద ఉన్న పార్టిషన్లన్నీ తీసేసి కొత్తగా ఎక్కించండి. ప్రోడక్ట్ కీ అడిగితే "లేదు" అని దాటేయొచ్చు. ఆ లాప్‌టాప్‌లో ఇంతకు ముందు అసలైన విండోస్ యాక్టివేట్ అయి ఉంటే, అదే ఎడిషన్ ఎక్కించినప్పుడు నెట్ తగలగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది కాబట్టి పాత ఓనర్‌తో పని లేదు.

ఒక మాట గట్టిగా చెప్తాను. ఈ పనులన్నీ చేసేటప్పుడు పాత ఫోల్డర్లు తెరవొద్దు. "ఊరికే చూద్దాం" అనిపిస్తుంది, నిజమే. కానీ లాప్‌టాప్‌కి మీరు డబ్బు కట్టారు, అందులోని పెళ్లి ఫొటోలకి కట్టలేదు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడటం ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు. చట్టం సంగతి అలా ఉంచి, రేపు మన ఫొటోలు ఇంకొకరి చేతిలో పడితే వాళ్లు ఎలా ఉండాలని కోరుకుంటామో అలా ఉంటే చాలు.

డబ్బు ఇచ్చే ముందు పది నిమిషాలు

ఇంకా కొనని వాళ్లు అదృష్టవంతులు. ఎందుకంటే అన్ని తాళాలూ షాపులోనే బయటపెట్టొచ్చు.

వెళ్లే ముందు రోజే ఫోన్ చేసి, "రీసెట్ చేసి, సెటప్ స్క్రీన్ దగ్గరే ఆపి ఉంచండి, నేనొచ్చాక మిగతాది చేద్దాం" అని చెప్పండి. రీసెట్‌కి గంట పట్టినా పట్టొచ్చు, అక్కడ నిలబడి చూడటం కష్టం.

షాపుకి వెళ్లాక మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, సెటప్‌ని దానికి కలపండి. ఇది ముఖ్యం. నెట్ కలపకపోతే నాలుగో తాళం బయటపడదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగే పేజీ దాకా వెళ్లండి. ఏ కంపెనీ పేరూ రాకపోతే మంచిది. పేరు వచ్చిందా, వెనక్కి ఇచ్చేయండి. "నెట్ తీసేసి చేద్దాం" అని షాపతను అంటే అర్థం చేసుకోండి. మాక్ అయితే మొత్తం చెరిపాక నెట్ కలిపి, పాత ఆపిల్ ఐడీ అడుగుతోందేమో చూడండి.

తర్వాత ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లండి. డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆపండి. అడగకపోతే అందులో కనిపించే సీరియల్ నంబర్, కింద స్టిక్కర్ మీది నంబర్ ఒకటేనా చూసుకుని, అదే బిల్లు మీద రాయించండి.

బిల్లు ఇవ్వనంటే ఆ బేరం వద్దు. మరీ తక్కువ ధర, బిల్లు లేదు, పాత ఓనర్ ఎవరో తెలియదు, పైగా తాళం ఉంది అంటే అది దొంగ సొత్తేమో అని అనుమానించాలి. దొంగ సొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ వర్తిస్తుంది. నాలుగు వేలు తగ్గిందని స్టేషన్ మెట్లెక్కే పని పెట్టుకోవద్దు.

ఇంకో సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ వాటిలో దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి పైవి, టీపీఎం 2.0 ఉన్నవి కావాలి. శుభ్రంగా రీసెట్ చేసినా సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మెషిన్ తీసుకుంటే, ఇల్లు ఖాళీ చేయించి తలుపు తీసి పెట్టినట్టే.

అమ్మేవాళ్లకి నాలుగు ముక్కలు

ఇవాళ కొన్నవాళ్లే రేపు అమ్ముతారు. "షాపువాళ్లు ఫార్మాట్ చేస్తారులే" అన్న మాట మీద మీ పదేళ్ల ఫొటోలు వదిలిపెట్టొద్దు.

ముందు బ్యాకప్. తర్వాత వన్‌డ్రైవ్, క్రోమ్, వాట్సాప్, మెయిల్ అన్నిట్లోంచి సైన్ అవుట్. మాక్ అయితే ఫైండ్ మై ఆఫ్ చేయాలి. బయోస్ పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటే తీసేయాలి. ఆ తర్వాత రిమూవ్ ఎవ్రీథింగ్, క్లీన్ డేటాతో కలిపి. కొత్త మాక్‌లలో ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్. చివరగా మీ ఫోన్‌లో మైక్రోసాఫ్ట్, గూగుల్, ఆపిల్ అకౌంట్ల డివైసెస్ లిస్ట్ తెరిచి, ఆ లాప్‌టాప్ పేరు ఉంటే తీసేయండి. ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ అయితే, దాన్ని మీకు అమ్మినప్పుడే తమ సిస్టమ్‌లోంచి తీసేశారని ఐటీ వాళ్ల నుంచి మెయిల్ తీసుకోండి.

ఇప్పటికే అమ్మేసినవాళ్లు కంగారు పడకండి. ఆ లిస్ట్ ఇప్పుడే తెరిచి చూడండి. ఎప్పుడో ఇచ్చేసిన మెషిన్ పేరు అందులో ఇంకా కనిపిస్తే దాన్ని తీసేసి, పాస్‌వర్డ్ మార్చండి. మీ వన్‌డ్రైవ్‌లో తెలియని ఫైళ్లు కనిపిస్తే మాత్రం వెంటనే డిలీట్ కొట్టకండి. ముందు కొన్నవాళ్లకి కబురు పెట్టండి. అవతల ఎవరిదో ప్రాజెక్ట్ రిపోర్ట్ అయి ఉండొచ్చు.